ఏడు లేని మూడో లైన్

సెప్టెంబర్ 8, సోమవారం

ఆర్డర్ వచ్చింది. మూడు వాక్యాల మెయిల్. అక్టోబర్ ఆరో తేదీ నుంచి ప్రోగ్రాములు రాసేవాళ్ళందరూ కంపెనీ కొన్న ఒకే ఎడిటర్‌లో, అంటే ప్రోగ్రాములు టైపు చేసే ఒకే సాఫ్ట్‌వేర్‌లో రాయాలట. ఎవరికి వారు పెట్టుకున్నవి కంప్యూటర్లలోంచి తీసేస్తారట. సహకరించగలరట. మా ఫ్యాక్టరీ మొత్తంలో ప్రోగ్రాములు రాసేది ఇద్దరమే, నేనూ శ్రీలతా. "అందరూ" అన్న మాట చదివి శ్రీలత పడీపడీ నవ్వింది.

పంపింది మహేష్ సార్. హెడ్డాఫీసు నుంచి మా కంప్యూటర్ సెక్షన్‌కి మేనేజర్‌గా వచ్చి రెండు వారాలైంది. మంచి మనిషే, ఎవరినీ గట్టిగా ఒక మాట అనరు. పిలిచి కారణం కూడా చెప్పారు. ఆయన పాత కంపెనీలో ఒకతను ఉన్నట్టుండి మానేస్తే, అతను ఏది ఎక్కడ పెట్టుకున్నాడో, దేనితో రాశాడో ఎవరికీ అంతుపట్టక రెండు నెలలు పని ఆగిపోయిందట. మంచికే కదా రవళీ అన్నారు. న్యాయంగానే ఉంది.

నాకు కోపం రాలేదు. వింతగా ఉంది, అంతే. నేను రాసేది కంపెనీదని నాకు తెలుసు. దేనితో రాస్తానో అది కూడా కంపెనీదేనా? ఇల్లు కట్టమని మేస్త్రీకి చెప్తారు గానీ, ఫలానా తాపీతోనే కట్టమని ఎవరూ చెప్పరు. లేక చెప్తారేమో, నాకే తెలియదేమో. కనుక్కోవాలి.

ముందుగా ఒక్క మాట అడిగి ఉంటే బాగుండేది. నన్నెవరైనా అడిగారా?

సెప్టెంబర్ 9

కోపం లేదని నిన్న రాశాను. ఇవాళ కూడా లేదు.

సెప్టెంబర్ 10, బుధవారం

ఇంతకాలం నల్లపలక గురించి ఇందులో ఒక్క ముక్క కూడా రాయలేదు. రోజూ పది గంటలు దాని ముందే ఉంటాను కాబట్టి రాయాలని తోచలేదు.

పాలిటెక్నిక్‌లో నాకిచ్చిన కంప్యూటర్‌కి మౌస్ పనిచేసేది కాదు. అడిగితే ల్యాబ్ సారు వస్తది వస్తది అనేవాడు. మూడేళ్ళూ అదే మాట. మౌస్ అవసరం లేని ఎడిటర్ ఏదైనా ఉందా అని వెతుక్కుంటే ఇది దొరికింది. నల్ల తెర, తెల్ల అక్షరాలు, బొమ్మల్లేవు, బటన్లు లేవు. దానికి అసలు పేరు వేరే ఉంది గానీ నేను నల్లపలక అని పెట్టుకున్నాను. నాది ఎడమచేతి వాటం. అందుకని ఒక్కో మీటనీ నా చేతికి అందేలా మార్చుకుంటూ వచ్చాను. ఆ మార్పులన్నీ ఉన్న ఫైలు ఇప్పటికి నాలుగు వందల పన్నెండు వరసలు. కొన్ని ఎందుకు రాశానో నాకే గుర్తులేదు, తీసేస్తే మాత్రం వేళ్ళు తడబడతాయి.

శ్రీలత నా సీట్లో కూర్చుంటే ఒక్క పదం కూడా కొట్టలేదు. అదేదో నా గొప్ప అనుకునేదాన్ని. మహేష్ సార్ లెక్కలో అదే అసలు సమస్య అని ఇవాళ బస్సులో కూర్చున్నాక వెలిగింది.

సెప్టెంబర్ 11, గురువారం

కొత్త ఎడిటర్ తెరిచి చూశాను. నిజం చెప్పాలంటే బాగుంది. తప్పు కొడితే కింద ఎర్రగీత గీస్తుంది. సగం కొట్టేసరికి మిగతా సగం తానే చెప్తుంది. అది సరిగ్గా చెప్పిన ప్రతిసారీ నాకు చిరాకేసింది. ఎందుకో తెలియదు.

మధ్యాహ్నం ముత్తంగి గోదాం నుంచి ఫోన్ వచ్చింది. ప్యాకింగ్ చేసే మూడో లైన్ నుంచి వచ్చిన పెట్టెల కట్టల మీద లేబుళ్ళు తారుమారుగా ఉన్నాయట. ఒక ఆర్డర్ లేబుల్ ఇంకో ఆర్డర్ కట్ట మీద. మేం చేసేది మందుసీసాల మూతలు, సైజు తేడా వస్తే కొన్న మందుల కంపెనీలో మిషన్ ఆగిపోతుంది, అందుకని గట్టిగానే మాట్లాడారు. ఇది ఆగస్టు చివరి వారం నుంచీ జరుగుతోందట. విచిత్రం ఏమిటంటే పెట్టెల మొత్తం మాత్రం ఒక్కటి కూడా తగ్గలేదు, పెరగలేదు.

మూడో లైన్‌లో స్క్రీన్ నాది. జూన్‌లో పెట్టాను. ఆర్డర్లు వరసగా ఉంటాయి. కట్టలో ఎన్ని పెట్టెలున్నాయో ఒక నంబర్ కొడితే, వరసలో ఉన్న ఆర్డర్‌కి ఒక లేబుల్ వస్తుంది. అంతకన్నా తేలిక ప్రోగ్రాం నా జీవితంలో రాయలేదు. అందులో తప్పుండడానికి చోటే లేదు.

సెప్టెంబర్ 13, శనివారం

అమ్మను అడిగాను, నీ కొడవలి ఎవరికైనా ఇచ్చేదానివా అని. అమ్మ, నేనూ ఇస్నాపూర్‌లో ఒక గదిలో ఉంటున్నాం. అమ్మ ఇక్కడ నర్సరీలో పనికి పోతుంది. జోగిపేట దగ్గర మా ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ వరికోతలకు పోయేది. ఆ కొడవలి ఇప్పటికీ ట్రంకుపెట్టెలో గుడ్డ చుట్టి ఉంది.

అమ్మదీ ఎడమచేతి వాటమే. మామూలు కొడవలి పళ్ళు కుడిచేతికి తగ్గట్టు ఉంటాయట. ఇన్నేళ్ళొచ్చాయి గానీ ఆ సంగతి నాకు తెలియదు. జోగిపేటలో కమ్మరి చేత పళ్ళు అటు తిప్పి కొట్టించుకుంది. ఒకసారి పొలం ఆసామి కొత్త కొడవళ్ళు ఒక్క తీరువి తెచ్చి అందరికీ పంచాడట, ఇవి మంచివి, వీటితోనే కోయండని.

"తీస్కున్న. మొకం మీద వద్దంటే బాగుండదని తీస్కున్న. ఒక్క సాలు కోసెవరకు మణికట్టు వాసింది. మంది కొడవలి పట్టుకుంటే చెయ్యి నాది గాదు బిడ్డా."

మరి ఏం చేశావు అన్నాను. మధ్యాహ్నం బువ్వ తిన్నాక ఆయన కొడవలి గట్టు మీద పెట్టి తన కొడవలి తీసిందట. సాయంత్రం ఇంటికి పోయేముందు మళ్ళీ మార్చి ఆయనది ఆయనకు ఇచ్చేసిందట. పని అయింది, ఆయనా సంతోషపడ్డాడు అంది. అమ్మ ఇంత ఘటికురాలని నాకు తెలియదు.

సెప్టెంబర్ 15, సోమవారం

మహేష్ సార్ పిలిచారు. లేబుళ్ళ తప్పుకు ఈ నెలాఖరులోగా కారణం చూపించాలి. లేకపోతే మూడో లైన్ ప్రోగ్రాం హెడ్డాఫీసుకు పంపి, కొత్త ఎడిటర్‌లో వాళ్ళ చేత మొదటి నుంచి రాయిస్తారు. నన్ను ప్రోగ్రాముల నుంచి తీసి ప్రింటర్లు, నెట్ కనెక్షన్లు చూసే పనికి మారుస్తారు. ఆయన ఇదంతా నెమ్మదిగానే చెప్పారు. ఎవరూ చూడని సొంత ఎడిటర్‌లో రాసినదాంట్లో ఇలాంటివి దాక్కుంటాయని ఆయన నమ్మకం.

రాసింది తప్పయితే తప్పే, దేనితో రాస్తే ఏం సార్ అందామనుకున్నాను. సరే సార్ అన్నాను.

ప్రింటర్లలో కాగితాలు పెట్టడానికి కాదు నేను ఇంత చదివింది.

సెప్టెంబర్ 17, బుధవారం

ప్రోగ్రాం మొత్తం కొత్త ఎడిటర్‌లో తెరిచాను. శ్రీలత పక్కన కూర్చుంది. తను ఆర్డర్ వచ్చిన రోజే మారిపోయింది, హాయిగా ఉంది. పనిముట్టు పనిముట్టే కదా, దాని మీద అంత మోజెందుకే అంటుంది. ప్రోగ్రాం మొదటి నుంచి చివరి దాకా చూసి, తప్పులేమీ లేవని చెప్పింది ఆ ఎడిటర్.

నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ తరువాత, నా పని బాగుందని దాని నోటితో విని ఇంత సంబరపడ్డానేమిటని సిగ్గేసింది.

ప్రోగ్రాంలో తప్పు లేకపోతే ఇంకెక్కడుంది?

సెప్టెంబర్ 19, శుక్రవారం

దొరికింది. ఏం దొరికిందో తెలియదు గానీ దొరికింది.

మూడో లైన్‌లో ఆగస్టు నుంచి కొట్టిన నంబర్లన్నీ ఒక వరసలో వేసి, ఏ నంబర్ ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టాను. ఊరికే, ఏదో ఒకటి చేయాలని. అయిదు ఉంది, ఆరు బోలెడుంది, ఎనిమిది ఉంది, తొమ్మిది ఉంది. ఆగస్టు ఇరవై అయిదు తరువాత మొదటి షిఫ్టులో ఏడు లేదు. ఒక్కటంటే ఒక్క ఏడు కూడా లేదు. రెండో షిఫ్టులో ఏడులు మామూలుగా ఉన్నాయి.

దీన్ని మూడుసార్లు సరిచూసుకున్నాను. మూడు వారాలుగా ఒక ఫ్యాక్టరీలో ఏడు పెట్టెల కట్ట ఒక్కటి కూడా కట్టలేదా? భలే ఉంది. నెలాఖరు, ప్రింటర్లు, అన్నీ మరిచిపోయి బస్సులో నాలో నేనే నవ్వుకుంటున్నాను. పక్కసీటు ఆమె జరిగి కూర్చుంది.

సెప్టెంబర్ 20

ఏడు ఎక్కడికి పోయింది?

సెప్టెంబర్ 22, సోమవారం

కీబోర్డులో ఏడు మీట పాడై ఉంటుందనుకున్నాను. ఇంత చిన్న విషయానికా ఇంత గొడవ అని, కొత్త కీబోర్డు చంకన పెట్టుకుని దర్జాగా మూడో లైన్‌కి పోయాను. అందరూ చూస్తుండగా ఏడు నొక్కాను. ఏడు పడింది. మళ్ళీ నొక్కాను. మళ్ళీ పడింది. కీబోర్డు చంకన పెట్టుకుని తిరిగొచ్చాను.

ఒక్కటి మాత్రం తెలిసింది. మొదటి షిఫ్టులో నంబర్లు కొట్టే హరిచందన రెండో షిఫ్టుకు మారింది. ఆమె సీట్లో జార్ఖండ్ నుంచి వచ్చిన దిలీప్ కూర్చుంటున్నాడు. మారింది ఆగస్టు ఇరవై అయిదున.

దిలీప్‌కి ఏడంటే పడదా?

సెప్టెంబర్ 24, బుధవారం

పొద్దున ఎనిమిది నుంచి పది దాకా మూడో లైన్‌లో నిలబడ్డాను. జూన్ తరువాత నేను అక్కడ పది నిమిషాల కన్నా ఎక్కువ ఉండడం ఇదే మొదలు.

కట్టలు కట్టేది నర్సింహమ్మ. బొంతపల్లి నుంచి వస్తుంది, యాభై దాటి ఉంటాయి, లైన్‌లో అందరికన్నా పాత మనిషి. పెట్టె మీద పెట్టె వేస్తూ పైకే లెక్కపెడుతుంది. దిలీప్ ఆమెకు వీపు పెట్టి స్క్రీన్ వైపు కూర్చుంటాడు, ఆఖరున ఆమె చెప్పిన నంబర్ కొడతాడు. అతన్ని అలా కూర్చోబెట్టింది నేనే. వైరు అంతదాకానే వచ్చింది. మిషన్ల మోతలో నర్సింహమ్మ అరిచి చెప్పాలి.

అయిదు పెట్టెల కట్ట వచ్చింది, అయిదు కొట్టాడు. ఎనిమిది వచ్చింది, ఎనిమిది కొట్టాడు. ఆ తరువాతి కట్టకి నేను కూడా మనసులో లెక్కపెట్టాను. ఏడు పెట్టెలు. నర్సింహమ్మ అరిచింది.

"ఆరున్నొక్కటీ!"

దిలీప్ ఆరు కొట్టాడు. లేబుల్ వచ్చింది. ఒకటి కొట్టాడు. ఇంకో లేబుల్ వచ్చింది.

అక్కడే నిలబడిపోయాను. దిలీప్‌ను అడిగితే అమాయకంగా నా వైపు తిరిగాడు. "అమ్మ బోలీ ఆరూ, ఒకటీ. మై ఛే డాలా, ఏక్ డాలా." మూడు నెలల్లో తెలుగు అంకెలన్నీ నేర్చుకున్నాడు పాపం. ఆరంటే ఆరు కొట్టాడు, ఒకటంటే ఒకటి కొట్టాడు. రెండు కట్టలనుకున్నాడు. ఒక కట్టకి రెండు లేబుళ్ళొస్తే, ఆ వెనక వచ్చేవన్నీ ఒక్కో కట్ట జరిగిపోతాయి. ఆరూ ఒకటీ కలిపితే ఏడే కాబట్టి మొత్తంలో తేడా రాదు. షిఫ్టు చివర మిగిలిన లేబుళ్ళు ఎక్స్‌ట్రా అనుకుని బుట్టలో వేస్తున్నాడట.

హరిచందన ఇక్కడి పిల్ల. ఆరున్నొక్కటి అని వింటే ఏడు కొట్టేది. తాను ఏదో మార్చి కొడుతున్నానని ఆమెకు కూడా తెలిసి ఉండదు.

సెప్టెంబర్ 25, గురువారం

భోజనాల వేళ నర్సింహమ్మ దగ్గరికి పోయి కూర్చున్నాను. ఏడు అని ఎందుకు అనవు పెద్దమ్మా అని అడిగాను. నన్ను ఎగాదిగా చూసింది.

"కొలిచేటప్పుడు ఏడు అంటరా బిడ్డా? ఏడు ఏడు అంటె ఏడ్చుడే గద. మా అమ్మ వడ్లు కొలిచినప్పుడు గట్లనే అన్నది, నేను గట్లనే అంటున్న. ఒకటి గూడ అనం. లాభం అంటం. లాభం, రెండు, మూడు. నీకు తెల్వదా?"

నాకు తెలుసు. అదే నా బాధ. కల్లంలో అమ్మ ఒళ్ళో కూర్చుని వినేదాన్ని, లాభం, రెండు, మూడు, ఆరు, ఆరున్నొక్కటి. మొదటి లెక్కలు నేర్చుకున్నదే అలా. కూలీగింజలు కొలిచే వేళ ఎవరి నోటా ఏడుపు మాట రాకూడదు. ఇప్పుడు మూడో లైన్‌కి స్క్రీన్ రాసేటప్పుడు, అక్కడ లెక్కపెట్టేది నర్సింహమ్మ అని తెలిసి కూడా, ఆ సంగతి నాకు గుర్తుకే రాలేదు. ఈ తప్పు హెడ్డాఫీసు వాళ్ళు చేస్తే అర్థముంది.

అంతకుముందు ఎలా చేసేవాళ్ళని అడిగాను. జూన్‌కు ముందు సుద్దముక్కతో పెట్టెల మీద గీతలు గీసేవాళ్ళట. పెట్టెకొక గీత. అది నేను చూశాను. పెట్టెలు ఖరాబుగా కనిపిస్తున్నాయని, ఇక గీయొద్దని చెప్పింది కూడా నేనే.

"కట్ట యాడికి వోతే లెక్క ఆడికి వోతుండె. ఇప్పుడు లెక్క నీ టీవీల ఉంటది, కట్ట గోదాంల ఉంటది. నువ్వొచ్చినవ్, టీవీ పెట్టినవ్, సుద్ద వద్దన్నవ్. మమ్ముల ఎవలన్న అడిగిన్రా?"

కోపంగా అనలేదు. టిఫిన్ డబ్బా మూత పెడుతూ అంది.

మంచికే కదా పెద్దమ్మా అన్నాను. అనేశాక ఆ మాట ఎక్కడ విన్నానో గుర్తొచ్చింది.

సెప్టెంబర్ 26

ఇవాళ రాయడానికి ఏమీ లేదు.

సెప్టెంబర్ 27, శనివారం

మహేష్ సార్‌కి చెప్పాను. లాభం, ఆరున్నొక్కటి, దిలీప్ కూర్చునే తీరు, అన్నీ. ఆయన రెండుసార్లు చెప్పించుకున్నారు, కుర్చీలోంచి లేచి నవ్వారు. వాళ్ళ నాయనమ్మ కూడా అలాగే అనేదట. తప్పు నా ఎడిటర్‌ది కాదని హెడ్డాఫీసుకు తానే రాస్తానన్నారు. అంతే కాదు. ప్రోగ్రాం కదిలించే పని లేకుండా తప్పు పట్టాను కాబట్టి, నల్లపలక ఉంచుకోవడానికి నా ఒక్కదానికీ ఒక సంవత్సరం అనుమతి ఇప్పిస్తానన్నారు.

ఒక చిన్న పని చేయాలి. మూడో లైన్‌లో నోటీసు పెట్టాలి. లెక్కపెట్టేవాళ్ళందరూ ఒకటి నుంచి పన్నెండు దాకా మామూలు అంకెలే పలకాలి. ఏడుకి ఏడే అనాలి. నోటీసు నేనే రాయాలి, స్క్రీన్ నాది కాబట్టి.

సరే సార్ అన్నాను. చిన్న పనే కదా. ఏడు అనడానికేముంది, ఒక్క మాట. నర్సింహమ్మకు నెమ్మదిగా చెప్తే వింటుంది. నల్లపలక నాకు ఉంటుంది. ఇంతకన్నా ఏం కావాలి?

చాలా సంతోషంగా ఉంది.

సెప్టెంబర్ 29, సోమవారం

నోటీసు రాశాను. నల్లపలకలోనే రాశాను. మూడు వాక్యాలు.

"అక్టోబర్ ఆరో తేదీ నుంచి మూడో లైన్‌లో లెక్కపెట్టేవారందరూ ఒకే పద్ధతిలో అంకెలు పలకవలెను. ఎవరికి వారు అలవాటుగా వాడే మాటలు నిలిపివేయవలెను. సహకరించగలరు."

ప్రింట్ తీసి బ్యాగులో పెట్టుకున్నాను. లైన్‌లో అంటించడానికి సెల్లోటేపు కూడా తీసుకున్నాను. ఇవాళ పని ఎక్కువగా ఉండి అంటించలేదు.

సెప్టెంబర్ 30

సద్దుల బతుకమ్మ. ఆఫీసు సగం పూటే. నోటీసు బ్యాగులోనే ఉంది, ఇవాళ లైన్‌లో ఎవరూ లేరు కదా.

అమ్మతో అన్నాను, కొలిచేటప్పుడు ఏడు అంటే ఏమవుతుందే అని. గునుగుపూలు కోస్తున్నదల్లా ఆగింది. ఏం కాదు, అనబుద్ధి కాదు అంతే, అంది.

అక్టోబర్ 1, బుధవారం

ఫ్యాక్టరీలో ఆయుధపూజ. రేపు దసరా సెలవు కాబట్టి ఇవాళే. లేతు మిషన్లకు బంతిపూల దండలు, ఫోర్క్‌లిఫ్టు ముందు గుమ్మడికాయ. టూల్‌రూంలో ఎవరి స్పానర్లు వాళ్ళు కడిగి, తుడిచి, బల్ల మీద పరిచి బొట్లు పెట్టారు. ఒక్కో స్పానర్ మీద సూదితో గీకిన పేరుంది. ఇన్నాళ్ళూ చూసుంటాను, ఇవాళ చదివాను. వాళ్ళనెవరూ అవి పారేసి ఒక్క తీరువి పట్టుకోమనరు.

మూడో లైన్ వాళ్ళు దిలీప్ బల్ల కడిగి, నా స్క్రీన్‌కి కూడా పసుపూ కుంకుమా పెట్టారు. దాని ముందు ఒక విస్తరాకు ముక్క, అందులో వేలెడంత సుద్దముక్క. దానికీ బొట్టు ఉంది.

ఇంకా ఉందా పెద్దమ్మా ఇది అన్నాను.

"కొంగుల ముడేస్కొని తిరుగుతున్న బిడ్డా. నీ టీవీ కరాబైతె అక్కరకొస్తదని." తరువాత నా చేతులకేసి చూసింది. "అందరియి పెట్టిన్రు. నీ పనిముట్టేది?"

నా పనిముట్టు చూపించడానికి లేదు. అది ఒక నల్లటి తెర, నాలుగు వందల పన్నెండు వరసలు. బ్యాగులో మాత్రం ఒక కాగితం ఉంది. చేయి అందాకా పోయి ఆగింది. ఏడు అనడం చిన్న మాటే కావచ్చు. మౌస్ పట్టుకోవడం కూడా చిన్న పనే. నాకు వచ్చిన మెయిల్‌ను మళ్ళీ నేనే రాసి నర్సింహమ్మకు అంటించబోయాను, బదులుగా నా పలక నేను దాచుకోబోయాను. ఇంత సిగ్గు నాకెప్పుడూ కలగలేదు.

లేదు పెద్దమ్మా, తేలేదు అన్నాను. కొబ్బరిముక్క చేతిలో పెట్టింది.

అక్టోబర్ 3, శుక్రవారం

మహేష్ సార్‌కి నోటీసు తిరిగిచ్చేశాను. అది అంటించను, స్క్రీన్ మార్చి రాస్తాను, వాళ్ళు ఎలా లెక్కపెట్టినా పనిచేసేలా, అన్నాను. ఆయన ఆ కాగితం మడిచి పక్కన పెట్టారు. ప్రోగ్రాం కదిలించనవసరం లేదని పైవాళ్ళకు చెప్పిన మీదటే నాకు అనుమతి అడిగానన్నారు. మార్చి రాస్తే అది కొత్త పని. ఆరో తేదీ తరువాత నడిచే కొత్త పని కొత్త ఎడిటర్‌లోనే ఉండాలి. అనుమతీ ఉండదు. రెండూ కావాలంటే పైవాళ్ళకు నేనేం చెప్పను అని అడిగారు. అది కూడా న్యాయంగానే ఉంది. ఈయన చెప్పేవన్నీ న్యాయంగానే ఉంటాయి.

"కొత్తదాంట్లనే రాస్త సార్," అన్నాను. "గాని నేను ఒప్పుకున్నట్టు రాయకుండ్రి. నాకు కోపమున్నది. గది గూడ రాయుండ్రి."

ఆయన తలెత్తి చూశారు.

కోపం ఉంది. సెప్టెంబర్ ఎనిమిదిన కూడా ఉంది, తొమ్మిదిన కూడా.

అక్టోబర్ 4, శనివారం

నిన్ననే ముందు నర్సింహమ్మను అడిగాను. ఏం కావాలి, ఎలా కావాలి. మొదట నమ్మలేదు, మల్ల నన్నెందుకు అడుగుడు, సదువుకున్నోళ్ళు మీరే జూస్కోరాదు అంది. తరువాత మొదలుపెట్టింది, ఇక ఆగలేదు. సుద్ద మళ్ళీ కావాలి. స్క్రీన్ మీద అంకెలు వద్దు, ఆమె పెట్టె వేసినప్పుడల్లా దిలీప్ ఒకసారి తడితే ఒక గీత పడాలి. కట్ట అయిపోతే "కట్ట" అంటుంది, అప్పుడు లేబుల్ రావాలి. నేను కాగితం మీద గీసి చూపిస్తే, గీతలు అడ్డంగ గాదు, నిలువుగ, అంది. దిలీప్‌ను ఆమెకు ఎదురుగా కూర్చోబెట్టాలి. దానికి మూడు మీటర్ల వైరు చాలు. జూన్‌లో ఆ మూడు మీటర్లు అడగడానికి నేను బద్ధకించాను.

నిన్నా ఇవాళా కొత్త ఎడిటర్‌లో రాస్తున్నాను. చేతులు నావి కానట్టే ఉన్నాయి, మణికట్టు నొప్పి. ఒకచోట వివరణ కోసం "ఆరున్నొక్కటి" అని కొడితే కింద ఎర్రగీత గీసింది. అలాగే ఉండనీ అని చెప్పాను.

అక్టోబర్ 6, సోమవారం

తొమ్మిదిన్నరకు వచ్చి నల్లపలక తీసేశారు. రెండు నిమిషాల పని. నాలుగు వందల పన్నెండు వరసలూ పెన్‌డ్రైవ్‌లో వేసుకున్నాను. బాత్రూంలోకి పోయి ఏడ్చాను. శ్రీలత తలుపు బయట నిలబడింది. తరువాత సమోసా తెచ్చి పెట్టింది.

అక్టోబర్ ఆరున్నొక్కటి, మంగళవారం

కొత్త స్క్రీన్ పొద్దున ఎనిమిదికి మొదలైంది. నర్సింహమ్మ మొదటి పెట్టె వేసి, దాని మీద సుద్దతో గీత గీసి, లాభం అంది. దిలీప్ ఎదురుగా కూర్చుని, తనూ లాభం అని ఒక గీత తట్టాడు. నాలుగో కట్టలో ఏడు పెట్టెలు. ఆరున్నొక్కటి, కట్ట. ఒక్కటే లేబుల్ వచ్చింది. ఏమీ జరగలేదు, లైన్ ఆగలేదు, ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నేను మాత్రం ఊపిరి పీల్చుకున్నాను.

మహేష్ సార్ నా వెనకే ఉన్నారని అప్పటిదాకా చూసుకోలేదు. పది కట్టలు అయ్యేదాకా చూశారు. నర్సింహమ్మను ఏదో అడిగారు, ఆమె చెప్పింది, ఆయన నవ్వారు. తరువాత నా దగ్గరికి వచ్చారు.

"రవళీ, మీ పాత ఎడిటర్‌ల ఇదే పని ఎట్ల చేస్తుంటిరి? నాకొకసారి చూపెడతరా?"

నిన్న పొద్దున తొమ్మిదిన్నర దాకా చూపించగలిగేదాన్ని. అదే చెప్పాను. ఆయన ముఖం ఎర్రబడింది. మళ్ళీ పెట్టించాలంటే ఎన్ని సంతకాలు కావాలో ఆయనకు నాకన్నా బాగా తెలుసు. పెట్టిస్తానని అనలేదు. అయినా చెప్పండి అన్నారు, పక్కనున్న ఖాళీ డ్రమ్ము మీద కూర్చుని.

నర్సింహమ్మ కొంగు ముడి విప్పి సుద్దముక్క నా చేతిలో పెట్టింది. చినిగిపోయిన ఒక అట్టపెట్టె బోర్లించి, దాని మీద కీబోర్డు గీశాను. ఎడమచేత్తో. ఏ వేలు ఎక్కడుంటుందో, ఏ మీట నొక్కితే ఏమవుతుందో, ల్యాబ్‌లో మౌస్ లేని కంప్యూటర్ దగ్గర నుంచి మొదలుపెట్టి చెప్పుకుంటూ పోయాను. ఆయన మధ్యలో ఇది ఎందుకు, ఇది ఇటెందుకు అని అడుగుతూనే ఉన్నారు. భోజనం గంట కొట్టినా లేవలేదు.